గర్భాలయమును, శాసనసభయు

చిలుకూరు త్రోవ

హైదరాబాదు నగరమునకు పడమట గండిపేట చెరువు సమీపమున చిలుకూరు అను గ్రామము కలదు. ఆ చెరువునకు నిజాము ప్రభువు పేరిట ఉస్మాన్‌సాగరమను నామము ఏర్పడినను జనులు గండిపేట యనియే పిలుతురు. మూసీనది వరదలను అరికట్టుటకై కట్టిన ఆ జలాశయము 1920లో పూర్తియైనది. దానికి ఈవల మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట అను ఊళ్లు కలవు. ఇవి యొకప్పుడు రాతిగుట్టల నడుమ ఒదిగియున్న చిన్న పల్లెలు. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిన పిమ్మట ఆ పల్లెల రూపు మారిపోయెను. హైటెక్ సిటీ యనియు, సైబరాబాదు అనియు కొత్త పేర్లు వచ్చెను.

ఈ భవనములలో కంప్యూటరుల ముందు కూర్చుండి పనిచేయు యువతీయువకులు శని, ఆదివారములలో తెల్లవారకమునుపే చిలుకూరు బాలాజీ కోవెలకు చేరుదురు. కోరిక కోరునప్పుడు 11 ప్రదక్షిణములు, అది తీరిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుట అచటి ఆచారము. ప్రదక్షిణముల లెక్క తప్పకుండ చిన్న కాగితముపై గుర్తులు పెట్టుకొనుచు తిరుగుదురు. అమెరికా ప్రయాణమునకు వీసా కోరి వచ్చువారు హెచ్చగుటచే స్వామికి వీసా బాలాజీ యను పేరు కూడ వచ్చినది. ఆ కోవెలలో హుండీ లేదు. ప్రత్యేక దర్శనమునకు టిక్కెట్టు లేదు. ధనవంతునికిని, బీదవానికిని ఒకే వరుస.

అట్లు తిరుగువారిలో పెక్కుమందికి తెలియని సంగతి యొకటి కలదు. ఈ హుండీలేని కోవెల ఆంధ్రదేశమున ఇరువది యేండ్లపాటు సాగిన ఒక పెద్ద వివాదమునకు ముఖ్యస్థానము. ఆ వివాదమున ఒక వంక ప్రజల ఓట్లతో అధికారమునకు వచ్చిన పార్టీ నాయకత్వమును, మరియొక వంక ఆగమసంప్రదాయమును నమ్ముకొనియున్న అర్చకులు, వంశపారంపర్య ధర్మకర్తలు, మఠాధిపతులును నిలిచిరి. దేవాలయమునకు పెద్ద యెవరు, పూజచేయు హక్కు ఎచటినుండి వచ్చును, ప్రజలెన్నుకొన్న ప్రభుత్వము గర్భాలయపు గడపవరకు పోవచ్చునా, లోపలికి కూడ పోవచ్చునా అనునవి ఆనాడు లేచిన ప్రశ్నలు. వీనికి అప్పుడొక జవాబు, ఇరువది యేండ్లకు మరియొక జవాబు వచ్చెను. ఆ కథను మొదటినుండి చూచిననే గాని ఇరుపక్షముల బలమును, బలహీనతయు తెలియరాదు.

పానగల్లు రాజావారి శాసనము

దేవాలయమునకును ప్రభుత్వమునకును గల సంబంధము కొత్తది కాదు. రాజులు గుడులు కట్టించిరి, మాన్యములిచ్చిరి, శిలాశాసనములు వేయించిరి. అర్చకునకు, వాద్యగానికి, పూలమాలలు కట్టువానికి కూడ భూములు కేటాయించిరి. రాజు పోయి కుంఫిణీ దొరలు వచ్చినప్పుడు ఆ బాధ్యత వారిపై పడెను. 1817 నాటి మద్రాసు రెగ్యులేషను చొప్పున ధర్మాదాయములపై పర్యవేక్షణము రెవెన్యూ బోర్డు చేతికి వచ్చెను. క్రైస్తవులైన దొరలు విగ్రహారాధనకు కావలికాయుట తగదని స్వదేశమునుండి ఆక్షేపణలు బయలుదేరగా, కుంఫిణీవారు క్రమముగా ఆ పని మానుకొనిరి. 1843లో తిరుమల ఆలయ పరిపాలనము హాథీరాంజీ మఠపు మహంతు సేవాదాసునకు అప్పగింపబడెను. నాటినుండి 1933 వరకు తొంబది సంవత్సరములు మహంతుల యేలుబడి సాగినది.

దేవాలయముల ఆదాయము ఎచటికి పోవుచున్నది, లెక్కలు చూచువారెవరు అను ప్రశ్న ఇరువదవ శతాబ్దమున బలపడెను. మద్రాసు రాజధానిలో జస్టిస్ పార్టీ అధికారమునకు వచ్చిన పిమ్మట పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు 1921 నుండి 1926 వరకు ప్రధానమంత్రిగా ఉండిరి. కాళహస్తి ప్రాంతపు తెలుగువాడు, సంస్కృతము చదివినవాడు. ఆయన 1922 డిసెంబరులో హిందూమత ధర్మాదాయముల బిల్లును శాసనసభలో ప్రవేశపెట్టిరి. మఠాధిపతులు, సంప్రదాయవాదులు దానిని గట్టిగా ఎదిరించిరి. మతమునకు ముప్పు వచ్చినదని కొందరును, బ్రాహ్మణేతర పార్టీ దేవాలయములను తన గుప్పిట పెట్టుకొనుటకై పన్నిన పన్నాగమని మరికొందరును విమర్శించిరి. కాంగ్రెసు నాయకుడు సత్యమూర్తి బిల్లును వ్యతిరేకించినవారిలో ప్రముఖుడు. 1923లో సభ ఆమోదించినను వెంటనే అమలు కాలేదు. 1925లో శాసనమైనది. దాని చెల్లుబాటుపై వ్యాజ్యములు రాగా 1927లో మరల కొత్త శాసనముగా చేయవలసి వచ్చినది. పిదప 1933లో ప్రత్యేక శాసనముచే తిరుమల తిరుపతి దేవస్థానముల పాలనము మహంతు చేతినుండి ధర్మకర్తల సంఘము చేతికి మారెను.

ఈ పాత వివాదమున గమనింపదగిన విషయమొకటి కలదు. రామరాయణింగారు అడిగినవి లెక్కలు. పూజావిధానమును ఆయన ముట్టుకొనలేదు. అర్చకుడెవరు కావలెను, మంత్రము ఎట్లు చదువవలెను అను విషయములు శాసనమునకు వెలుపలనే నిలిచెను. అయినను ఎదిరించినవారు నేడు లెక్కలడిగినవాడు రేపు గర్భాలయమున అడుగుపెట్టునని శంకించిరి. అరువది యేండ్ల తరువాత ఆ శంక మరల తలయెత్తెను.

తెలంగాణమున కథ వేరు. అచట నిజాము ప్రభుత్వపు ఉమూరె మజహబీ అను మతవ్యవహారముల శాఖ మసీదులతోపాటు గుడుల ధర్మాదాయములను కూడ చూచెడిది. 1349 ఫసలీలో, అనగా 1940 ప్రాంతమున, హైదరాబాదు ధర్మాదాయముల నిబంధనలు వెలువడెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పదేండ్లకు, 1966లో, ఈ రెండు ప్రాంతములకు ఒకే ధర్మాదాయ శాసనము వచ్చినది. అప్పటికి కూడ వంశపారంపర్యపు హక్కులు నిలిచియే యుండెను.

దేవుని వేషమునుండి అధికారపీఠమునకు

1982 మార్చి 29న హైదరాబాదులో నందమూరి తారక రామారావు తెలుగుదేశము పార్టీని స్థాపించిరి. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. తెలుగువారికి ఆయన ముఖము దేవుని ముఖము. 1957లో వచ్చిన మాయాబజారులో శ్రీకృష్ణుడు, 1960 నాటి చిత్రమున తిరుమల వేంకటేశ్వరుడు ఆయనయే. తిరుమల కొండకు పోయిన యాత్రికులు మద్రాసులోని ఆయన యింటికి కూడ పోయి చూచివచ్చెడివారని ప్రసిద్ధి. ముఖ్యమంత్రియైన పిమ్మట కాషాయ వస్త్రములు ధరించిరి. 1985లో తిరుమలపై నిత్యాన్నదానము ఆయన కాలముననే ఆరంభమైనది. ఇట్టివానిని దేవునిపై భక్తి లేనివాడనుట కుదరదు. అర్చకులతో ఆయనకు వచ్చిన తగవులో విశేషమిదియే. రెండు పక్షములును వేంకటేశ్వరుని పేరనే మాటలాడినవి.

తగవు మూలము భక్తిలో లేదు, వంశాధికారముపై ఆయనకు గల అభిప్రాయములో కలదు. 1984 జనవరిలో ఆయన ప్రభుత్వము ఒక ఆర్డినెన్సుచే గ్రామ కరణములు, మునసబులు, పటేళ్లు, పట్వారీల పదవులను రద్దుచేసెను. తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండిన అధికారము ఒక్క సంతకముతో పోయినది. ఆడపిల్లలకు తండ్రి ఆస్తిలో సమాన భాగమునిచ్చు సవరణము కూడ ఆ ప్రభుత్వము చేసినదియే. అది 1985 సెప్టెంబరునుండి వర్తించెను. పుట్టుకచే వచ్చు పెత్తనమును తగ్గించుట ఆ పార్టీ నాయకత్వమునకు ఒక విధానముగా మారినది. కరణీకమున తప్పైనది అర్చకత్వమున ఒప్పెట్లగునని వారు ప్రశ్నించిరి.

దేవాలయ పరిపాలనమును పరిశీలించుటకు ప్రభుత్వము హైకోర్టు విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి చల్లా కొండయ్య అధ్యక్షతన ఒక కమిషనును నియమించెను. ఆ కమిషను సిఫార్సులు ఆధారముగా 1987లో 30వ నంబరు శాసనము రూపొందెను. ఆంధ్రప్రదేశ్ ధర్మాదాయ, హిందూమత సంస్థల శాసనమని దాని పేరు.

1987 శాసనము

ఆ శాసనమున మూడు విభాగములు పెద్ద అలజడికి కారణములైనవి. 16వ విభాగము వంశపారంపర్య ధర్మకర్తృత్వమును రద్దుచేసెను. 34వ విభాగము అర్చకులు, మిరాశీదారులు, ఇతర ఆలయోద్యోగుల వంశహక్కులను తొలగించెను. 144వ విభాగము హుండీలోను, కానుకలలోను, ప్రసాదములలోను వారికి గల భాగములను నిలిపివేసెను. ఇకపై అర్చకుడు అర్హతను బట్టి నియమింపబడి జీతము పుచ్చుకొను ఉద్యోగి యగును.

ప్రభుత్వపు దృష్టి ముఖ్యముగా తిరుమలపై ఉండెను. తిరుమలలో పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అను నాలుగు వైఖానస కుటుంబములు వంతులవారీగా స్వామికి అర్చన చేయుచుండెడివి. ప్రసాదములు తయారుచేయువారికి కూడ మిరాశీ హక్కులుండెడివి. యాత్రికులు కొద్దిమందిగా వచ్చు కాలమున ఈ భాగములు కుటుంబపోషణకు సరిపోవునంతటివి. ఘాటు రోడ్లు, బస్సులు వచ్చి యాత్రికులు లక్షలసంఖ్యకు పెరిగిన పిమ్మట ఆ భాగముల విలువయు అదే రీతిని పెరిగినది. భక్తుడు స్వామికిచ్చినది స్వామికే చెందవలెను గాని కొన్ని కుటుంబములకు ఏల చెందవలెనని సంస్కరణపక్షము వాదించినది. ఈ వాదము సామాన్యునకు సులభముగా బోధపడునది.

అర్చకపక్షపు వాదము అంత సులభముగా చెప్పదగినది కాదు. అయినను దానికిని మూలబలము కలదు. వైఖానస సంప్రదాయమున అర్చకత్వము చదువుచేత మాత్రమే వచ్చునది కాదు. శిశువు తల్లిగర్భమున ఉండగనే విష్ణుబలి అను సంస్కారము జరుపుదురు. అందుచేత వారిని గర్భవైష్ణవులందురు. పాంచరాత్రమున దీక్షచే అర్హత వచ్చును గాని వైఖానసమున పుట్టుకయే మొదటి అర్హత. ఇట్టి విధి గల ఆలయమున వంశమును తీసివేయుట పరిపాలనపు మార్పు మాత్రమే కాదనియు, పూజావిధానమునే మార్చుటయనియు వారు వాదించిరి. కరణమునకు దస్త్రము ముఖ్యము, మాకు సంస్కారము ముఖ్యము. రెండింటిని ఒక గాట కట్టరాదని వారి మాట సారాంశము.

ఈ రెండు వాదముల నడుమ ఎవరికిని పట్టని ఒక మనుష్యుడు కలడు. అతడు పల్లెటూరి అర్చకుడు. అతని గుడికి హుండీ ఉండినను అందులో పడునది చిల్లర. మాన్యము పేరునకే గాని అది కౌలుదారుల చేతులలోనో, వ్యాజ్యములలోనో చిక్కియుండును. పళ్లెములో భక్తులు వేయు పావలా, అర్ధరూపాయి, పండుగనాడు వచ్చు బియ్యము, కొబ్బరిచిప్ప అతని జీవనము. తిరుమల మిరాశీని మనస్సులో పెట్టుకొని వ్రాసిన విభాగము ఇతనికి కూడ వర్తించెను. అతని వంశహక్కు పోయినది. దానికి బదులు రావలసిన జీతము మాత్రము ఆదాయము గల గుడులలోనే దొరకెను. శాసనము సంస్థలను ఆదాయమును బట్టి తరగతులుగా విభజించినది గాని, ఆదాయమే లేని గుడిలో జీతము ఎచటినుండి వచ్చునో చెప్పలేదు. పల్లెటూరి అర్చకుని కొడుకు గంట వదలి పట్టణమునకు బయలుదేరుటకు ఇది యొక్కటియే కారణము కాదు. కాని యిదియు నొక కారణమే.

న్యాయస్థానమున

శాసనము వెలువడిన యేడే, 1987లోనే, అర్చకులు సుప్రీంకోర్టు మెట్లెక్కిరి. ధర్మకర్తలు, మఠాధిపతులు కూడ వేర్వేరుగా వ్యాజ్యములు వేసిరి. మతస్వాతంత్ర్యమును గూర్చిన రాజ్యాంగపు 25, 26 అధికరణములు వారి ఆధారము. వ్యాజ్యములు దాదాపు తొమ్మిదేండ్లు నడిచెను. ఈలోగా 1989 ఎన్నికలలో తెలుగుదేశము ఓడినది. కాంగ్రెసు ప్రభుత్వములు వచ్చెను. 1994 డిసెంబరులో రామారావు మరల ముఖ్యమంత్రియైరి. 1995లో సొంత పార్టీలోనే పదవి కోల్పోయిరి. 1996 జనవరి 18న ఆయన కన్నుమూసిరి. వంశపారంపర్య ధర్మకర్తలు వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది దానికి ముందురోజుననే.

అర్చకుల వ్యాజ్యమున తీర్పు అదే సంవత్సరము మార్చి 19న వచ్చెను. ధర్మాసనమున జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ బి. ఎల్. హన్సారియా ఉండిరి. పూజ జరుపుట మతకార్యము. దానిని ఆగమము చొప్పుననే జరుపవలెను. కాని పూజచేయువానిని నియమించుట లౌకికకార్యము. వంశమును బట్టియే నియమించి తీరవలెనను హక్కు మతములో అంతర్భాగము కాదు. ఇది తీర్పు సారము. తమిళనాడులో ద్రవిడ మున్నేట్ర కళగము ప్రభుత్వము 1970లో చేసిన ఇట్టి శాసనముపై 1972లో వెలువడిన తీర్పులోని విచక్షణయే ఇచట కూడ అనుసరింపబడెను. అర్చకుల సంక్షేమమునకు తగిన పథకమును ఏర్పరుపవలెనని కూడ న్యాయస్థానము ప్రభుత్వమును కోరెను.

ఈ తీర్పులో ఒక సూక్ష్మము కలదు. వంశహక్కు పోయినను ఆగమనియమము పోలేదు. వైఖానస ఆలయమున వైఖానసుడే అర్చన చేయవలెను. కనుక తిరుమల గర్భాలయమున నిన్న నిలిచిన కుటుంబములవారే నేడును నిలిచిరి. మారినదెల్ల వారి హోదా. నిన్న భాగస్వామి, నేడు ఉద్యోగి. పార్టీ నాయకత్వము గెలిచినది. గర్భాలయపు గడప దాటి లోపలి మనుష్యులను మాత్రము మార్చలేదు.

ఇరువది యేండ్ల తరువాత

న్యాయస్థానమున ఓడినవారు ప్రజాభిప్రాయమును కూడగట్టుటకు బయలుదేరిరి. ఇచటనే చిలుకూరు కథలోనికి వచ్చును. ఆ కోవెల వంశపారంపర్య ధర్మకర్తయు, అర్చకుడు నగు ఎం. వి. సౌందరరాజన్, ఆయన కుమారుడు సి. ఎస్. రంగరాజన్ దేవాలయ పరిరక్షణ ఉద్యమమును నడిపిరి. వాక్ అను మాసపత్రికను వెలువరించిరి. వినతిపత్రములు వ్రాసిరి. ప్రదక్షిణములకు వచ్చిన భక్తులకు మైకులో శాసనపు విభాగములను వివరించిరి. హుండీ లేకుండుటయే వారి వాదమునకు పెద్ద బలమైనది. కానుకల భాగమునకై అర్చకుడు పోరాడుచున్నాడను నింద కానుకలే లేని కోవెలకు అంటదు గదా.

విధివిలాసమేమనగా, సాఫ్ట్‌వేరు పరిశ్రమను మాదాపురమునకు తెచ్చినది కూడ తెలుగుదేశము నాయకత్వమే. 1995లో ముఖ్యమంత్రియైన నారా చంద్రబాబు నాయుడు కాలమున ఆ భవనములు లేచెను. ఆ భవనములలో పనికి కుదిరిన యువకులే వారాంతమున చిలుకూరు చేరి, అదే పార్టీ చేసిన శాసనమునకు ప్రతికూలమైన ప్రసంగములు విని వచ్చిరి. కొత్త చదువులు వచ్చిన కొలది పాత ఆచారములు తమంత తామే సడలునని సంస్కర్తలు తలచుట సహజము. సైబరాబాదులో అట్లు జరుగలేదు. దూరదేశపు ఉద్యోగము, తెలియని భవిష్యత్తు గల యువకునికి ప్రదక్షిణముల లెక్క ఒక ఊరట అయినది.

2004లో కాంగ్రెసు పార్టీ గెలిచి వై. ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రియైరి. 2007లో ఆ ప్రభుత్వము 33వ నంబరు శాసనముచే 1987 శాసనమును సవరించెను. అర్చక కుటుంబములలో అర్హత గలవారు అర్చకత్వమున కొనసాగు హక్కు మరల గుర్తింపబడెను. ధార్మిక పరిషత్తు అను సంస్థకు కూడ ఆ సవరణమున చోటు కలిగెను. దేవాలయ విషయములలో మంత్రికి, అధికారికి తోడు ధార్మికుల మాట కూడ వినవలెనను తలంపునకు అది ఆకారము. చిన్న గుడులకు నెలకు 2,500 రూపాయలనిచ్చు ధూపదీప నైవేద్య పథకము కూడ ఆ కాలమున వచ్చినదే. పల్లెటూరి అర్చకుడు ఇరువది యేండ్లకు ప్రభుత్వపు కంట పడెను.

అయితే శాసనము వేరు, అమలు వేరు. సవరణమును అనుసరించి నియమములు, ఉత్తర్వులు వెలువడుటకు ఏండ్లు పట్టినది. 2014లో రాష్ట్రము రెండైనది. శాసనము రెండు రాష్ట్రములకును సంక్రమించినది. ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య అర్చకత్వమును అమలుపరచు ప్రభుత్వపు ఉత్తర్వు వెలువడినది 2019 అక్టోబరులో, అనగా సవరణమైన పండ్రెండేండ్లకు.

జీతమును, విరమణయు

1987లో నాటిన విత్తు 2018లో మరియొక విధముగా మొలచెను. ఆ సంవత్సరము మే నెలలో, తెలుగుదేశము మరల అధికారమున ఉండగా, తిరుమల తిరుపతి దేవస్థానముల ధర్మకర్తల మండలి 65 ఏండ్లు నిండిన అర్చకులకు పదవీ విరమణము విధించెను. ప్రధానార్చకులు కూడ ఆ నిర్ణయము క్రిందికి వచ్చిరి. ఉద్యోగియైనవానికి విరమణ వయస్సు ఉండుట పరిపాలనపు లెక్క. దేహమున శక్తి ఉన్నంతకాలము స్వామిసేవ మానరాదనునది సంప్రదాయపు లెక్క. అర్చకుడు భాగస్వామిగా ఉన్ననాడు ఈ ప్రశ్నయే పుట్టదు. జీతగాడైననాడు పుట్టక మానదు. 2021లో, వేరొక పార్టీ ప్రభుత్వమున, విరమణ పొందిన మిరాశీ అర్చకులు మరల సేవలోనికి రాగలిగిరి.

ఈ రాకపోకలు చూచినవారికి ఒక సంగతి స్పష్టమగును. ఒక పార్టీ తీసిన హక్కును మరియొక పార్టీ ఇచ్చినది. ఒక మండలి పంపినవారిని మరియొక మండలి పిలిచినది. హక్కును కాపాడుకొనుటకు అర్చకులు రాజకీయ పార్టీల వాకిళ్లకు పోవలసివచ్చినది. దేవాలయమును రాజకీయమునుండి వేరుచేయవలెనని ఉద్యమించినవారి విజయము కూడ ఒక రాజకీయ పార్టీ చేతిమీదుగనే రావలసివచ్చెను. సంప్రదాయపక్షమునకు ఇది ఇబ్బంది కలిగించు సత్యము.

సంస్కరణపక్షమునకు కూడ అట్టి సత్యమొకటి కలదు. 1987 శాసనపు పెద్ద మాట సమానత్వము. పుట్టుకచే వచ్చు అధికారమును తొలగించి అర్హత గల యెవ్వరికైనను తలుపు తెరచుట దాని ఆశయము. కాని పెద్ద ఆగమాలయములలో ఆ తలుపు తెరువలేదు. తమిళనాడులో 2021లో శిక్షణ పొందిన ఇతర కులములవారు ఆలయార్చకులుగా నియమింపబడిరి. తెలుగునాట పెద్ద ఆలయములలో అట్టిది జరుగలేదు. ఇచట జరిగినదెల్ల వంశపు పెత్తనము స్థానమున కార్యనిర్వహణాధికారి పెత్తనము వచ్చుటయే.

సమానత్వపు మాట సంప్రదాయపక్షమునుండియు వినబడుట ఇందులో మరియొక విశేషము. 2018 ఏప్రిలులో, హైదరాబాదు జియాగూడలోని రంగనాథస్వామి ఆలయమున, చిలుకూరు అర్చకుడు రంగరాజన్ ఒక దళిత భక్తుని తన భుజములపై ఎత్తుకొని, మంగళవాద్యములతో ఆలయములోనికి తీసికొనిపోయిరి. శ్రీరంగమున లోకసారంగముని తిరుప్పాణాళ్వారును భుజములపై మోసికొనిపోయిన కథను అనుసరించి దానికి మునివాహన సేవ యని పేరు. ఒక్కనాటి సేవతో శతాబ్దముల దూరము తీరునా యని అడిగినవారు కలరు. అర్చకత్వపు తలుపు మాత్రము మూసియే యున్నది గదా యన్నవారు కలరు. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. ఐనను సంప్రదాయపక్షమనగా కదలని రాయి యని తలచుట పొరపాటని ఆ సంఘటన తెల్పుచున్నది.

గ్రామార్చకుడు

ఈ నూరేండ్ల కథలో పానగల్లు రాజావారి ప్రశ్న సరియైనది. భక్తుల ధనమునకు లెక్క ఉండవలెను. ఆ ప్రశ్ననుండి వెనుకకు పోవుటకు నేడెవరును సాహసింపరు. రామారావు ప్రశ్నయు తేలికగా త్రోసివేయదగినది కాదు. కోట్ల ఆదాయము గల ఆలయమున కొన్ని కుటుంబములకు శాశ్వత భాగముండుట ప్రజాస్వామ్యమునకు పొసగదు. లోపమంతయు ఒకే కొలతతో కొండమీది మిరాశీదారుని, పల్లెలోని పూజారిని కొలుచుటలో కలదు. వడ్డికాసులవానికి చేసిన శాసనము నూనెకాసులు లేని రామాలయమునకు కూడ చేయబడినది. సంప్రదాయపక్షము కూడ తిరుమల హక్కులను గూర్చి పలికినంత గట్టిగా పల్లె పూజారి కడుపును గూర్చి మొదట పలికియుండినచో వివాదము వేరొక దారి పట్టియుండెడిది.

చివరకు ఇరుపక్షములును ఆ పూజారివద్దకే రావలసివచ్చినది. 2023 మే 31న ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖర రావు హైదరాబాదు ఐ.టి. భవనములకు చేరువనున్న గోపనపల్లిలో బ్రాహ్మణ సంక్షేమ సదనమును ప్రారంభించుచు, ధూపదీప నైవేద్య పథకము క్రింద తెలంగాణమున నెలకు ఇచ్చుచున్న 6,000 రూపాయలను 10,000 రూపాయలకు పెంచుచున్నట్లు ప్రకటించిరి. గోపనపల్లి దాటినచో దక్షిణమున గండిపేట, దాని ప్రక్కన చిలుకూరు. చుట్టునున్న అద్దాల మేడలలో పదివేల రూపాయలు ఒక యువకుని కొలదిదినముల జీతము. పల్లెలో అది నెల పొడుగునను ఒక గుడిలో దీపము వెలుగుటకును, ఆ దీపము పెట్టువాని యింట పొయ్యి వెలుగుటకును ఆధారము.

పూజారి కొడుకు ఇప్పుడు ఆ మేడలలోనే ఉద్యోగము వెదకుచున్నాడు. అతనికి వంశహక్కు మరల వచ్చినది. వలయునన్నచో తండ్రి స్థానమున నిలువవచ్చును. నిలుచునా లేదా అనుటకు శాసనసభ జవాబు చెప్పజాలదు, న్యాయస్థానమును చెప్పజాలదు. ఆ గుడి తమదని తలచు ఊరివారు అతని కుటుంబము బ్రతుకుటకు ఏమి ఏర్పాటు చేయుదురో, దానిని బట్టి తేలును.